భవిత కేంద్రం ఉండగా ఆ పిల్లలను మా క్లాసులో ఎందుకు కూర్చోబెట్టాలి?

పాలమూరు ఎస్‌జీటీ: మా బడిలో ఒకటి నుంచి ఐదు దాకా 34 మంది పిల్లలు, టీచర్ని నేనొక్కడినే. ఈ జూన్‌లో మేధో వైకల్యం ఉన్న బాబు మూడో తరగతిలో చేరాడు. మండల కేంద్రంలో భవిత (వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన కేంద్రం) ఉంది, అక్కడి ఐఈఆర్‌పీలకు, అంటే ప్రత్యేక టీచర్లకు, ఇలాంటి పిల్లలకు నేర్పడం వచ్చు, నాకు రాదు. అక్కడికి పంపితేనే బాబుకు మేలు కదా?

బలపం టీచర్: 2016 వికలాంగుల హక్కుల చట్టం చూడండి సార్. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి 18 ఏళ్లు వచ్చేదాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కుంది. ఎంచుకునేది వాళ్లు, మనం కాదు.

పాలమూరు ఎస్‌జీటీ: చట్టం నాకూ తెలుసు మేడం. బాబును బాత్రూంకి ఎవరు తీసుకెళ్లాలి? నేను వెళ్తే మిగతా 33 మందిని ఎవరు చూస్తారు?

బలపం టీచర్: మా క్లాసులో వినికిడి లోపం ఉన్న పాప ఉంది. ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశాను. ఇప్పుడు పక్క పిల్లలే పేజీలో వేలు పెట్టి చూపిస్తున్నారు. మనసుంటే అవుతుంది.

పాలమూరు ఎస్‌జీటీ: వినికిడి వేరు, ఇది వేరు. బాత్రూం సంగతి చెప్పలేదు.

గోదారి గట్టు: 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ముందు అది అడగండి.

ఒక అమ్మ: మా పాపను భవితకి తీసుకెళ్లాలంటే రెండు ఆటోలు మారాలి, ఆ రోజు కూలి పోతుంది. ఊరి బడిలో పేరు రాసుకుని, రోజూ తేవద్దమ్మా, హాజరు మేం వేస్తాం అన్నారు. రిజిస్టర్లో మా పాప రోజూ బడికెళ్తోంది. ఇంట్లో గడప మీద కూర్చుని బ్యాగులేసుకుని పోయే పిల్లల్ని చూస్తోంది.

బలపం టీచర్: విన్నారా సార్? మీలాంటి వాళ్లు చేసే పని ఇదే.

పాలమూరు ఎస్‌జీటీ: మాట జాగ్రత్త మేడం. ఒక్క రోజు కూడా దొంగ హాజరు వెయ్యలేదు నేను. సరే, చెప్తాను. కిందటి నెల మధ్యాహ్న భోజనం బియ్యం లెక్క రాస్తుంటే బాబు గేటు దాటి రోడ్డెక్కాడు, ఎదురుగా లారీ. ఐదో తరగతి పిల్ల చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఏమన్నా అయ్యుంటే సస్పెండ్ చేస్తారు, అది పోనీ, ఆ తల్లికి మొహం ఎలా చూపించాలి? అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. తొలిమెట్టు (చదవడం, లెక్కలు నేర్పే ప్రభుత్వ కార్యక్రమం) రికార్డులు అడగడానికి వచ్చేవాళ్లు ఇక్కడ ఆయా ఉందా అని ఒక్కసారీ అడగలేదు.

బలపం టీచర్: సారీ సార్, అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే, బాబును పంపెయ్యాలని కాకుండా, ఆయాను ఇవ్వాలని అందరం కలిసి రాసేవాళ్లం. 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒక ప్రత్యేక టీచర్ ఉండాలని 2022లో కేంద్రమే నోటిఫికేషన్ ఇచ్చింది. మా మండలం మొత్తానికి ఐఈఆర్‌పీలు ఇద్దరే, వాళ్లూ కాంట్రాక్టు మీదే.

ఒక అమ్మ: సార్, మీ బాబు గేటు దాటాడంటే బడిలోకి వస్తున్నట్టే కదా. మా పాపకు అదీ లేదు. మధ్యాహ్నం దాకా గేటు దగ్గర నేనే కూర్చుంటాను, రానిస్తే చాలు.

పాలమూరు ఎస్‌జీటీ: మీది ఏ మండలం అమ్మా?