పెళ్ళయ్యాక హైదరాబాదు పీహెచ్‌డీని చెన్నైకి మార్చుకోవచ్చా?

వేళచ్చేరి_వదిన:
మా మరిదికి మాఘంలో పెళ్ళి. అమ్మాయి హైదరాబాదులో కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తోంది, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంది. చేరి రెండేళ్ళు కావస్తోంది, కోర్సువర్కు (మొదట్లో చదవాల్సిన పాఠాలు) అయిపోయింది. పెళ్ళయ్యాక కాపురం చెన్నైలో. "అక్కడిది మానేసి ఇక్కడ మళ్ళీ చేరచ్చులే" అని మా పెద్దవాళ్ళు తేలిగ్గా అనేస్తున్నారు. రిజిస్ట్రేషన్ మార్చుకునే వీలుందా? ఫెలోషిప్ ఏమవుతుంది?

సెక్షన్_హెడ్డు:
మానేయడం మాత్రం వద్దండీ. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో దీనికి ప్రత్యేకంగా ఒక క్లాజు ఉంది. పెళ్ళి వల్ల గానీ, మరో కారణం వల్ల గానీ మహిళా స్కాలరు వేరే ఊరు వెళ్తే, ఆమె పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్ళనివ్వాలి. 2016 నిబంధనల్లోనూ ఇది ఉంది. చాలామంది గైడ్లకే తెలియదు కాబట్టి ఆ పేజీ ప్రింటు తీసి అర్జీకి జత చేయమనండి.

అయితే అందులో మూడు ముళ్ళున్నాయి. మొదటిది, కదిలేది డేటాయే, సీటు కాదు. మిగతా షరతులన్నీ కొత్తచోట తీరాలి, అంటే ఖాళీ ఉండాలి, గైడు ఒప్పుకోవాలి, అక్కడి అడ్మిషన్ పద్ధతి ప్రకారం చేరాలి. ప్రొఫెసరుకు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4 మించి స్కాలర్లను ఇవ్వరు. రిటైర్మెంటుకు మూడేళ్ళలోపే ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. గైడు పేరు ఖాయం చేసుకునే ముందు ఈ రెండూ అడగాలి.

రెండోది, పాత సంస్థకు ఎవరైనా నిధులిచ్చిన ప్రాజెక్టులో భాగంగా ఆ పని జరుగుతుంటే ఈ క్లాజు వర్తించదు. కెమిస్ట్రీలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. అమ్మాయి పేపర్లలో కృతజ్ఞతల పేరా తీసి చూడండి. అక్కడ గైడు ప్రాజెక్టు నంబరు కనబడితే ఆ చాప్టరు ఆగిపోవచ్చు.

మూడోది, పాత గైడుకూ, పాత సంస్థకూ థీసిస్‌లో తగిన గుర్తింపు ఇవ్వాలి. దీన్ని పాత సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం)లోనే రాయించుకుంటే తర్వాత పేచీ ఉండదు.

అడయార్_ల్యాబు:
ఫెలోషిప్ సంగతి. ముందు అవార్డు లెటరు సీఎస్‌ఐఆర్‌దా (కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి), యూజీసీదా చూడండి. కెమిస్ట్రీలో రెండూ ఉంటాయి, అర్జీ వెళ్ళే ఆఫీసు వేరు. బదిలీకి రెండు సంస్థల సమ్మతీ కావాలి.

అసలు లెక్క కాలానిది. జేఆర్‌ఎఫ్, దాని తర్వాత వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కలిపి ఐదేళ్ళే. చెన్నైలో కొత్తగా చేరినా ఆ గడియారం మొదటికి రాదు, రెండేళ్ళు పోగా మిగిలేది మూడు. కొత్తగా రిజిస్టరైతే పీహెచ్‌డీ కనీస కాలం మళ్ళీ మూడేళ్ళు అనే వీలుంది. అంటే ఒక్క సెమిస్టరు జారినా చివర్లో చేతిడబ్బుతో చదవాలి. "మళ్ళీ చేరచ్చులే" అనేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి.

రెండేళ్ళు నిండగానే జేఆర్‌ఎఫ్‌ను ఎస్‌ఆర్‌ఎఫ్‌గా పెంచే కమిటీ పెట్టించుకుని, ఆ కాగితం చేతికొచ్చాకే కదలాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. మధ్యలో సంస్థ మారితే కమిటీ ఎవరు వేయాలన్న దగ్గరే నెలలు పోతాయి.

ల్యాబు నోటుబుక్కు అసలు ప్రతి పాత ల్యాబుదే. కాపీలు తీసి ప్రతి పేజీ మీదా గైడు సంతకం పెట్టించాలి. స్పెక్ట్రాల (కాంపౌండ్ల పరీక్ష గ్రాఫుల) పీడీఎఫ్ చాలదు, అణువు నిర్మాణం తేల్చే ఎన్‌ఎమ్‌ఆర్ మెషీను ఇచ్చే ముడి ఫైళ్ళే కావాలి. పేపరు రివ్యూలో అడిగేది అవే. కాంపౌండ్ల సీసాలు సంచిలో వేసుకుని రైలెక్కడం కుదరదు, వాటికి విడిగా అనుమతి పత్రం కావాలి.

గిండి_పాఠకురాలు:
నా ఉద్దేశంలో మార్చకపోవడమే మేలు. రిజిస్ట్రేషన్ హైదరాబాదులోనే ఉంచి, చెన్నైలో కో-గైడును పెట్టుకోవచ్చు. వేరే సంస్థవాళ్ళను కో-గైడుగా 2022 నిబంధనలు ఒప్పుకుంటాయి, పై అధికారి ఆమోదం ఉండాలి. ప్రయోగాలు ఇక్కడ, ఆర్‌ఏసీ (పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూసే సలహా కమిటీ) మీటింగు సెమిస్టరుకోసారి అక్కడ. సీనియారిటీ పోదు, కోర్సువర్కు గొడవ రాదు. ఎక్కడెన్నాళ్ళు ఉంటుందో ఆర్‌ఏసీ మినిట్స్‌లో రాయించాలి, లేకపోతే హాజరు పేరుతో ఫెలోషిప్ ఆపుతారు.

మార్చాలనే అనుకుంటే, గిండి క్యాంపస్‌లో మద్రాసు యూనివర్సిటీ సైన్సు విభాగాలున్నాయి, అడయార్‌లో సీఎల్‌ఆర్‌ఐ (కేంద్ర తోలు పరిశోధన సంస్థ) ఉంది. ఐఐటీ మద్రాసుకు సొంత ఆర్డినెన్సు (నియమావళి) ఉంది, అక్కడ యూజీసీ క్లాజు చూపించి లాభం లేదు.

పెద్దవాళ్ళకు ఇంకో మాట. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారు తెలుగింటి ఆడపడుచే. పద్దెనిమిదేళ్ళకే, చంటిబిడ్డ ఉండగా భర్త పోయినా, తర్వాత ఇదే గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరి 1943లో ఎలక్ట్రికల్ పూర్తి చేశారు. అప్పుడు ఆమె కోసం ఏ క్లాజూ లేదు. 2014-15లో దేశంలో పీహెచ్‌డీలో ఉన్న ఆడపిల్లలు 48 వేల లోపు, 2021-22కి 99 వేల దాకా వచ్చారు. చేరడం ఇక సమస్య కాదు, ఇలాంటి మలుపుల్లో జారిపోవడమే సమస్య.

వేళచ్చేరి_వదిన:
కో-గైడు మాట ఇంట్లో ఎవరికీ తట్టలేదు, థాంక్సండీ. మరి పిల్లలు పుడితే గడువు?

సెక్షన్_హెడ్డు:
మొత్తం పీహెచ్‌డీలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కలిపి 240 రోజుల దాకా ఇవ్వచ్చు. గరిష్ఠ గడువు ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు, మహిళలకు ఆపైన మరో రెండు, మొత్తం పది దాటకూడదు. ఇవేవీ వాటంతటవి రావు. గడువు ముగియకముందే అర్జీ పెట్టాలి, ముగిశాక పెడితే రద్దయిన ఫైలును లేపడం ఎవరి తరమూ కాదు.

గిండి_పాఠకురాలు:
ఒకటి మరిచాను. పేరు మార్చద్దు. తమిళనాడు ఫారాల్లో ఇనిషియల్ అంటే తండ్రి పేరో, భర్త పేరో అనుకుంటారు, మనదేమో ఇంటిపేరు. కౌంటర్లో భర్త ఇనిషియల్ రాయమన్నా రాయకూడదు. పదో తరగతి మెమోలో, నెట్ (జేఆర్‌ఎఫ్ ఇచ్చే పరీక్ష) సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, పేపర్ల మీద ఒకే పేరు ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఫెలోషిప్ డబ్బు బ్యాంకులో ఆగిపోవచ్చు.