74 ఏళ్ల అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, రేడియేషన్ మానేయొచ్చా?

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. స్నానం చేసేటప్పుడు అమ్మకి ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ తగిలిందంట, నొప్పి లేదు కదా ఈ వయసులో ఏమొస్తదిలే అని ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు, జాకెట్టు హుక్కులు పెడుతూ మా చెల్లి చూసి గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తది.

రొమ్ము మొత్తం కాదు, గడ్డ వరకే తీశారు. రిపోర్టులో 1.6 సెంటీమీటర్లు, ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకం), హెర్2 నెగెటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేదు), చంకలోకి పాకలేదు అని ఉంది. లెట్రోజోల్ అనే ఈస్ట్రోజన్ తగ్గించే మాత్ర రోజుకొకటి ఐదేళ్లు వాడమన్నారు. ఇప్పుడు ఒక డాక్టర్ 15 సిట్టింగులు రేడియేషన్ కావాలంటున్నారు, ఇంకొకాయనేమో 70 దాటినవాళ్లకి ఇంత చిన్న గడ్డ అయితే మాత్రలు మానకుండా వేసుకుంటే చాలు, రేడియేషన్ లేకపోయినా ఆయుష్షు తగ్గదు, కాకపోతే అదే రొమ్ములో మళ్లీ వచ్చే అవకాశం కొంచెం పెరుగుతది అన్నారు. అమ్మకి షుగర్, మోకాళ్ల నొప్పులు, మూడు వారాలు హైదరాబాద్‌లో ఉండటం చాలా కష్టం.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఇలా అయితే ఏం చేశారు? 5 సిట్టింగుల్లో అయిపోయే పద్ధతి ఎవరైనా చేయించారా? లెట్రోజోల్‌తో ఎముకలు పలచబడతాయంట, ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ ముందే చేయించాలా? నాకూ 48 వచ్చాయి, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఎన్నేళ్లకోసారి చేయించుకోవాలో కూడా చెప్పండి ప్లీజ్.