జిప్సీ వెనక బ్రేక్ పైపు తుప్పు పట్టింది, ఇంట్లోనే మార్చొచ్చా?

గాజువాక_413
బండి 1999 జిప్సీ, ఎంజీ 413 డబ్ల్యూ. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే పంపు) నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే ఇనప పైపు ఛాసిస్ క్లిప్పుల దగ్గర పొలుసులు లేచిపోతోంది, ఒకచోట ఆయిల్ చెమ్మ కూడా ఉంది. బీచ్ ఇసుకలో తిరిగిన బండి. జాకీ స్టాండ్లు, పానాలు, ఏసీ పనికి వాడే ఫ్లేరింగ్ కిట్ (పైపు చివరని గరాటులా విప్పే సాధనం, ఆ విప్పిన చివరే ఫ్లేర్) ఉన్నాయి. ఏ పైపు, ఎంత కొనాలి? చెడిన ముక్క వరకే కోసి జాయింట్ వేస్తే చాలదా? ఏసీ రాగి గొట్టం వేసినా నడుస్తుందని ఒకరన్నారు, నిజమేనా?

పానా_పట్టకారు
రాగి గొట్టం సంగతి ముందు తేల్చేద్దాం. వద్దండీ. ఛాసిస్ అదురుకి మెత్తటి రాగి కొన్నాళ్ళకి గట్టిపడి, ఫ్లేర్ మెడ దగ్గర చీలుతుంది. గట్టిగా బ్రేక్ తొక్కితే లైన్‌లో ఒత్తిడి 70 నుంచి 100 బార్ దాకా లేస్తుంది. ఏసీ గొట్టం అందుకు చేసింది కాదు.

కొనాల్సింది 4.75 ఎం.ఎం. బ్రేక్ పైపు. పూత ఉన్న స్టీలు గానీ, రాగి-నికెల్ మిశ్రమం గానీ. సముద్రం పక్క బండికి రాగి-నికెలే మేలు. తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది, ఫ్లేర్ కూడా సులువుగా వస్తుంది. మీ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) 2375 ఎం.ఎం. కాబట్టి ఒంపులన్నీ కలిపి వెనక పైపు 3 మీటర్ల పైచిలుకు ఉంటుంది. బైండింగ్ వైరుని పాత పైపు వెంట పరిచి కొలవండి. 25 అడుగుల చుట్ట తెచ్చుకుంటే పాడుచేసుకోడానికి కూడా మిగులుతుంది. మొదటి ఫ్లేర్లు నాలుగైనా పాడవుతాయి.

నట్లు 10 ఎం.ఎం., 1.0 పిచ్ (మర చుట్ల మధ్య దూరం). ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పాత మహీంద్రా జీపులకి వచ్చే 3/8 అంగుళం నట్టు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, వదులుగా రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. బిగిస్తే మర పోతుంది. పాత నట్టు పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసి కొనండి.

ఆటోనగర్_శిష్యుడు
ముక్క జాయింట్ గురించి నేనొక మాట. రెండు చివర్లకీ ఫ్లేర్ తీసి బ్రేక్ యూనియన్‌తో (రెండు ఫ్లేర్లని కలిపే మర జాయింటు) కలిపితే తప్పేం లేదు. ఇత్తడి ఉంగరం నొక్కి పట్టుకునే కంప్రెషన్ జాయింట్ మాత్రం గ్యాస్ లైన్లకి, నీళ్ళ లైన్లకి, బ్రేకుకి కాదు. వెల్డింగ్ అతుకు అసలే వద్దు. అయినా ఈ బండికి ముక్క పని దండగ: ఒక క్లిప్పు కింద తుప్పు ఉంటే మిగతా క్లిప్పుల కిందా ఉన్నట్టే.

మీ ఏసీ కిట్ పనికిరాదు. అది ఒక మడత ఫ్లేర్ తీస్తుంది. జిప్సీకి కావాల్సింది డబుల్ ఫ్లేర్, అంటే బొడిపె ఉన్న డైతో ఒకసారి లోపలికి మడిచి, తర్వాత కోన్‌తో నొక్కేది. బుడగ ఆకారంలో వచ్చే ఫ్లేరూ ఈ సీటులో కూర్చోదు.

ఫ్లేర్ తీసేటప్పుడు పైపుని ట్యూబ్ కట్టర్‌తోనే కోయండి, హాక్సా వద్దు. కోత వంకరగా ఉంటే ఫ్లేర్ ఒక పక్కకి ఒరిగి కారుతుంది. లోపలి అంచు, బయటి అంచు కొద్దిగా గీకి, పొడి ఊదేయండి. *ముందు నట్టు తొడగండి.* డై మెట్టు ఎంత ఎత్తుందో పైపు క్లాంప్ పైకి అంతే ఉండాలి. ఎక్కువైతే ఒరుగుతుంది, తక్కువైతే మడత సగమే వస్తుంది. పైపు చివర ఒక చుక్క బ్రేక్ ఆయిల్ రాయండి. వచ్చిన ఫ్లేర్‌ని టార్చి వేసి చూసి, గీత కనిపించినా కోసి పారేయండి.

పానా_పట్టకారు
విప్పే పని గురించి కొంచెం. ముందురోజు సాయంత్రమే నట్లకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఓపెన్ పానా పెడితే నట్టు గుండ్రమైపోతుంది, చీలిక ఉన్న రింగు పానా వాడండి. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే నట్టు పైపుకే పట్టేసిందని. పైపుని నట్టు దగ్గర కోసేసి ఆరు మూలల సాకెట్ పెట్టండి, ఎలాగూ పారేసేదేగా. రబ్బరు హోస్ చివరని రెండో పానాతో పట్టుకోవాలి. ఆ హోస్‌లు పాతవైతే అవీ ఇప్పుడే మార్చేయండి, బాంజో బోల్టుల (హోస్‌ని బిగించే, మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టులు) రాగి వాషర్లు కొత్తవి వేయండి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండైతే యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు హోస్ బిగుసుకోకుండా చూడాలి.

పెడల్‌ని అంగుళమంత నొక్కి కర్రతో ఆపి ఉంచితే రిజర్వాయర్ ఆయిల్ కారిపోదు. ఆయిల్ రంగు మీద పడితే వెంటనే నీళ్ళు పోయండి.

కొత్త పైపుని సైలెన్సర్‌కి దూరంగా, అడుగుకో క్లిప్పు చొప్పున బిగించండి. నట్టు మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కాలి. తర్వాత 15 న్యూటన్ మీటర్లు చాలు. టెఫ్లాన్ టేపు చుట్టకండి, ఆపేది మర కాదు, ఫ్లేరు.

గాజువాక_413
చాలా థాంక్సండీ ఇద్దరికీ. గాలి తీసేది ఏ చక్రం నుంచి? బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం బదులు డాట్ 4 పోస్తే?

ఆటోనగర్_శిష్యుడు
మాస్టర్‌కి దూరంగా ఉన్నది ముందు. మన కుడి స్టీరింగ్ బండికి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. లోడ్ సెన్సింగ్ వాల్వ్ (బరువుని బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చేది) మీద బ్లీడర్, అంటే గాలి తీసే స్క్రూ, ఉంటే దాన్నీ వదలకండి. డాట్ 3 మీద డాట్ 4 పోయొచ్చు. సిలికాన్ డాట్ 5 మాత్రం వద్దు, అది వీటితో కలవదు. లీటరు తెచ్చుకోండి, మూత తీసి ఉంచిన పాత సీసా వాడకండి, గాలిలో తేమ పీల్చేసుంటుంది.

పెడల్ కింద చెక్కముక్క పెట్టి తొక్కించండి. నేలదాకా పోనిస్తే పాత మాస్టర్‌లో సీలు మామూలుగా ఎన్నడూ వెళ్ళని తుప్పు భాగం మీద రాసుకుని చిరుగుతుంది. పని బ్రేకు లైనుది, ఖర్చు మాస్టర్‌ది అవుతుంది.

అంతా అయ్యాక ఇంజన్ ఆన్ చేసి, రెండు నిమిషాలు గట్టిగా తొక్కి పట్టించి, ప్రతి జాయింటునీ టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. తడి తగిలితే బలంకొద్దీ బిగించకుండా, వదులు చేసి మళ్ళీ ఒకసారి కూర్చోబెట్టండి. అప్పటికీ కారితే ఆ ఫ్లేర్ పోయినట్టే.

పానా_పట్టకారు
గాలి తీశాక కూడా పెడల్ కిందికే పోతూ, రెండోసారి వెంటనే తొక్కితే పైకి వస్తుంటే గాలి అనుకోకండి. వెనక డ్రమ్ముల్లో షూ దూరం ఎక్కువై ఉంటుంది. స్పాంజిలా మెత్తగా ఉంటేనే గాలి.