గ్రాండ్ కాన్యన్ మొజావే ఆస్టర్: హెర్బేరియం రికార్డుల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఎడారిపూలు:
ఫీనిక్స్‌లో ఉంటున్నాను. లేత ఊదా రేకులు, మధ్యలో పసుపు, అంచుల్లో ముళ్లున్న ఆకులు, రాతి వాలు మీద గుబురుగా పూసే మొజావే ఆస్టర్ అంటే ప్రాణం. కాన్యన్‌లో ఇది ఎక్కడెక్కడ దొరికిందో చూద్దామని సీనెట్‌లో (హెర్బేరియంలలో, అంటే ఎండబెట్టిన మొక్కల్ని దాచే చోట్లలో, ఉన్న రికార్డులు వెతికే వెబ్‌సైట్) దీని శాస్త్రీయ నామం జైలోరైజా టార్టిఫోలియా అని కొట్టాను. ఒక పిన్ సరిగ్గా కొలరాడో నది మధ్యలో పడింది! రికార్డు తప్పా?

ఎండుమొక్క:
అప్పుడే కొట్టేయకండి, షీట్ (ఎండిన మొక్కని, లేబుల్‌ని అతికించిన కాగితం) ఫొటో తెరవండి. పాత లేబుళ్ల మీద అక్షాంశ రేఖాంశాలు ఉండేవి కావు. చోటు పేరు, ఏ రకం నేల, ఎన్ని అడుగుల ఎత్తు, అంతే. తర్వాతెప్పుడో ఇంకొకరు ఆ మాటల్ని బట్టి మ్యాప్ మీద పిన్ పెడతారు. మైదానంలో కిలోమీటరు అటూఇటూ అయినా పర్లేదు. ఇక్కడ అంచు నుంచి నదికి లోతే సుమారు 1.6 కిలోమీటర్లు, పిన్ కాస్త జరిగితే ఎండ, వాన, చుట్టూ ఉండే మొక్కలు అన్నీ మారిపోతాయి. నేనైతే ముందు లేబుల్ మీది ఎత్తు, పిన్ దగ్గరి ఎత్తు కలుస్తున్నాయా అని చూస్తాను. కలవకపోతే లేబుల్‌కే నా ఓటు.

ఆకు_అలము:
పాత పేర్లతో కూడా వెతకండి. 1845లో దీన్ని హాప్లోపాపస్ అనే ప్రజాతిలో పెట్టారు. తర్వాత ఆస్టర్ అన్నారు, 1896లో గ్రీన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు జైలోరైజాలోకి తెచ్చారు, గత శతాబ్దంలో మ్యాకరాంథెరా అని కూడా రాశారు. ఒకే షీట్ మీద ఈ పేర్లతో చీటీలు వరసగా అతికించి ఉంటాయి, ఎవరు ఏ ఏడాది ఏమనుకున్నారో తెలిసిపోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ మూలే.

ఇంకో మాట. చుక్కలు లేని చోట మొక్క లేదనుకోకండి. సేకరించేవాళ్లు ఎక్కువగా నది వెంట, కాలిబాటల వెంట వెళ్తారు. 1938లో వృక్షశాస్త్రజ్ఞులు ఎల్జాడా క్లోవర్, లోయిస్ జోటర్ ఈ నదిలో పడవల్లో మొక్కలు సేకరిస్తూ వెళ్లింది జూన్, జులైలో. ఈ ఆస్టర్ జోరుగా పూసేది మార్చి నుంచి మే దాకా.

ఎడారిపూలు:
చాలా థ్యాంక్సండీ. ఫొటో తెరిచాను, లేబుల్ మీద ‘రివర్ మైల్’ అని అంకె, పక్కన ‘కుడి’ అని ఉంది.

ఎండుమొక్క:
అయితే పిన్ నదిలో ఎందుకు పడిందో తెలిసినట్టే. కాన్యన్ ఎగువ చివర ఉన్న లీస్ ఫెర్రీ దగ్గర సున్నా, అక్కణ్నుంచి నది వెంట దిగువకు మైళ్లు లెక్కపెడతారు, అదే రివర్ మైల్. లోయ అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్ బస 88వ మైలు దగ్గర వస్తుంది. పిన్ పెట్టినవాళ్లు ఆ మైలు దగ్గర నది గీత మీదే పెట్టి ఉంటారు. కుడి అంటే దిగువకు తిరిగి నిలబడితే మన కుడి ఒడ్డు. లేబుల్ మీద ఎత్తు కూడా ఉంటే, ఆ ఒడ్డున ఏ వాలో చాలావరకు పట్టేయొచ్చు.