నాలుగు డ్రమ్ములు కలిపితే మొదటిదే పొర్లిపోతోంది: వాన నీళ్ల పైపు ఎలా కలపాలి?

సందేహం (హైదరాబాద్, ఉప్పల్ వైపు నుంచి)

అందరికీ నమస్తే. మాది ఒక అంతస్తు ఇల్లు, మిద్దె మీద తోట. వంగ, టమాటా, తోటకూర, బచ్చలి, రెండు కుండీల్లో డ్రాగన్ ఫ్రూట్. బోరు నీళ్లు పోసీ పోసీ కుండీల అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటోంది, ఆకుల కొసలు మాడుతున్నాయి. అందుకని ఈ ఏడు వాన నీళ్లు పట్టాలని నాలుగు నీలం డ్రమ్ములు, ఒక్కోటి 200 లీటర్లది, పెరట్లో వరసగా పెట్టించాం. దాదాపు 400 చదరపు అడుగుల మిద్దె నీళ్లు 4 అంగుళాల పైపులో దిగి మొదటి డ్రమ్ములో పడతాయి. డ్రమ్ముకీ డ్రమ్ముకీ మధ్య అడుగున ముప్పావు అంగుళం ట్యాంక్ నిపుల్స్ (డ్రమ్ము గోడకి పైపు తగిలించే మరల ముక్కలు), పీవీసీ పైపు బిగించారు.

మొన్నటి వానకి మొదటి డ్రమ్ము నిండి మూత సందుల్లోంచి పొర్లిపోయింది. నాలుగో దాంట్లో చూస్తే సగం కూడా లేవు. తెల్లారేసరికి అన్నింట్లో సమానమయ్యాయి గానీ అప్పటికే సగం నీళ్లు వీధి పాలు. పైగా రెండో డ్రమ్ము నిపుల్ దగ్గర చెమ్మ కారుతోంది. ఎం-సీల్ పెట్టాం, రెండు రోజులకే పెచ్చులా ఊడొచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు (ప్లంబింగ్ పని, వరంగల్)

అక్కా, పొర్లడానికి కారణం పైపు సైజే. అడుగున కలిపిన డ్రమ్ముల్లో నీళ్లు సమానం కావడం నిజమే, కానీ అందుకు టైం పడుతుంది. రెండు డ్రమ్ముల మధ్య నాలుగు అంగుళాల మట్టం తేడా ఉంటే ముప్పావు అంగుళం రంధ్రంలోంచి నిమిషానికి పదిహేను లీటర్లు పోతే గొప్ప. మీ మిద్దె మీద గంటకు 60 మి.మీ. చొప్పున వాన దంచితే నిమిషానికి 37 లీటర్ల దాకా దిగుతాయి. మొదటి డ్రమ్ము తట్టుకోలేదు. నాలుగోదానికి నీళ్లు చేరాలంటే మూడు సన్న సందులు దాటాలి మరి.

పైపు ఒకటింపావు అంగుళానికి మారిస్తే దారి దాదాపు మూడింతలు అవుతుంది. అంతకంటే మంచిది, డ్రమ్ముల ముందు నేల మీద పొడుగునా 2 అంగుళాల పైపు ఒకటి వేసి, ప్రతి డ్రమ్ము నుంచీ ఒకటింపావు నిపుల్, బాల్ వాల్వ్ పెట్టి అందులోకి టీ (T ఆకారపు జాయింటు) వేసి కలపండి. అప్పుడు నాలుగో డ్రమ్ము నీళ్లు మూడింటి గుండా రానక్కర్లేదు. ఎక్కడైనా లీకైతే ఆ ఒక్క వాల్వ్ కట్టేసి డ్రమ్ము బయటికి తీయొచ్చు, మిగతా మూడూ పనిచేస్తూనే ఉంటాయి. వాల్వ్‌ల ఖర్చు చూసి వదిలేయొద్దు. అవి లేకపోతే ఒక్క నిపుల్ ఊడినా 800 లీటర్లూ పెరట్లోనే.

పైపు ఒక కొసన వాడుకునే కొళాయి, రెండో కొసన అడుగు మడ్డి వదలడానికి ఇంకో వాల్వ్. పై నుంచి దిగే పైపుని కూడా మొదటి దాంట్లో కాకుండా రెండో డ్రమ్ములో వదలండి. నీళ్లు రెండు పక్కలకీ సర్దుకుంటాయి.

చెమ్మ సంగతి. ఈ డ్రమ్ములు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. దానికి ఎం-సీల్ గానీ పీవీసీ జిగురు గానీ పట్టదు, ఎంత రాసినా ఊడొస్తుంది. నీళ్లు ఆపేది రబ్బరు వాషర్ ఒక్కటే. కాల్చిన ఊచతో రంధ్రం చేశారేమో చూడండి. అంచు కరిగి గడ్డలు కడితే వాషర్ సమంగా కూర్చోదు. డ్రిల్లుకి హోల్ సా (గిన్నె ఆకారపు రంపం) తొడిగి గుండ్రంగా కోసి, అంచుని బ్లేడుతో నున్నగా గీకాలి. లోపలి వైపు రబ్బరు వాషర్, బయట నట్టు. టెఫ్లాన్ టేపు మరలకే, వాషర్ కింద చుట్టకూడదు. నట్టు చేతి బిగువు తర్వాత రెంచితో పావు చుట్టు చాలు, ఎక్కువ తిప్పితే రబ్బరు పక్కకి జారిపోతుంది.

డ్రమ్ముది నోరు చిన్నదై చెయ్యి లోపలికి పోకపోతే, కింది రంధ్రంలోంచి సన్న జీఐ తీగ తోసి పై నోట్లోంచి బయటికి లాగండి. నిపుల్‌ని వాషర్‌తో సహా ఆ తీగకి ఎక్కించి కిందికి జార్చి, తీగ లాగితే సరిగ్గా రంధ్రంలోకి వచ్చి కూర్చుంటుంది. అలా లాగి పట్టుకునే బయట నట్టు ఎక్కించాలి.

జవాబు (రిటైర్డ్ ఇంజనీర్, విశాఖపట్నం)

తమ్ముడు చెప్పింది సరైనదే. ఒక సంగతి చేరుస్తాను. లోపలికి వచ్చే పైపు 4 అంగుళాలైతే పొర్లే నీళ్లకి కూడా దాదాపు అంత దారి ఉండాలమ్మా. అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి ఒక డ్రమ్ముకి పెడితే చాలు, అది నీళ్లు పడే డ్రమ్మే కావాలి. మూతకి మూడు, నాలుగు అంగుళాల కింద 3 అంగుళాల పైపైనా బిగించి ఇంకుడు గుంతకి తీసుకెళ్లండి. గోడ పునాది పక్కనే వదలొద్దు.

లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన అంటే ఒక లీటరు. మీ 400 చదరపు అడుగులు 37 చదరపు మీటర్లు. 25 మి.మీ. వాన పడితే 925 లీటర్లు, తడిసి ఆరిపోయేవీ చిందేవీ పోను ఏడెనిమిది వందలు మిగులుతాయి. ఒక్క మంచి వానకే మీ నాలుగు డ్రమ్ములూ నిండిపోతాయన్నమాట. సీజనంతా పొర్లేదే ఎక్కువ, కాబట్టి ఇంకుడు గుంత మీద శ్రద్ధ పెట్టండి.

డ్రమ్ముల అడుగు మట్టం లెవల్ ట్యూబుతో చూసి దిమ్మెలు పేర్చండి. ఒకటి మూడు అంగుళాలు ఎత్తుగా ఉంటే మిగతావి పొర్లుతున్నా అది మూడు అంగుళాల వెలితితో ఉండిపోతుంది. నిండిన డ్రమ్ము నేలని నొక్కి కొంచెం దిగుతుంది కూడా. అందుకని నిపుల్‌కీ పెద్ద పైపుకీ మధ్య జానెడు సక్షన్ హోస్ ముక్క క్లిప్పులతో వేస్తే మెలిక పడినా కీలు విరగదు.

మళ్లీ సందేహం అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. రంధ్రం ఊచతోనే చేశారు, కనుక్కున్నాను. ఇంకో మాట. రెండు డ్రమ్ములు మిద్దె మీదే పెట్టుకుంటే పంపు లేకుండా కుండీలకి పోసుకోవచ్చు కదా అని మా వారంటున్నారు. దోమల టెన్షన్ కూడా ఉంది, మా వీధిలో పోయినేడు డెంగీ వచ్చింది.

జవాబు (రిటైర్డ్ ఇంజనీర్, విశాఖపట్నం)

మిద్దె మీద వద్దమ్మా, కనీసం ఇంజనీరు చూడకుండా వద్దు. నిండిన డ్రమ్ము 210 కిలోలు, అదంతా రెండడుగుల వెడల్పు కూడా లేని వృత్తం మీద. మనుషులు తిరిగే మిద్దెకి మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. మీకు ఇప్పటికే తడి మట్టి కుండీలున్నాయి. తప్పదంటే ఒకే ఒక్కటి, స్తంభం మీదికి వచ్చేలా, అదీ చూపించుకున్నాకే. స్లాబు మధ్యలో మాత్రం పెట్టనే పెట్టొద్దు.

జవాబు (మిద్దెతోట సాగు, విజయవాడ)

దోమల గురించి నేను చెబుతానండీ. డెంగీ దోమకి మురుగు అక్కర్లేదు, ఇలాంటి తేట నీళ్లే కావాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. మూత బిగించాం కదా అని అందరూ ఊరుకుంటారు, కానీ దోమ పొర్లే పైపు కొస నుంచి దూరుతుంది. ఆ కొసకీ, నీళ్లు పడే నోటికీ, గాలి కోసం పెట్టిన రంధ్రానికీ నైలాన్ దోమతెర కట్టాల్సిందే. గాలి రంధ్రం ప్రతి డ్రమ్ముకీ ఉండాలి, లేకపోతే గాలి పట్టేసి నీళ్లు కదలవు.

దోమతెర ఒక్కటే కడితే వేపాకుతో గంటలో మూసుకుపోతుంది. మిద్దె మీద పైపు నోటి దగ్గర ముందు పెద్ద కన్నాల జాలీ, కింద డ్రమ్ము మీద తెర. వానాకాలంలో వారానికోసారి, నిలవ నీళ్లు పారబోసే డ్రై డే శుక్రవారమే అనుకోండి, రెండూ దులపండి.

తొలకరి వాన ఒకటి, రెండు మి.మీ. నీళ్లు పట్టకుండా వదిలేయండి. దుమ్ము, పావురాల రెట్ట అందులోనే వస్తాయి. మీకు 40 నుంచి 70 లీటర్లు. దానికి అన్నింటికన్నా తేలిక, దిగే పైపులో టీ వేసి పక్కదారి వాల్వ్ పెట్టుకోవడం. మీ కుండీల అడుగు నుంచి కారే గోధుమ రంగు నీళ్లు మొక్కలకి చెడ్డవి కావు గానీ, ఆ మట్టి డ్రిప్ కన్నాలు మూసేస్తుంది. నిపుల్ అడుగుకి మూడు అంగుళాల పైన ఉంటే మడ్డి కిందే ఉండిపోతుంది. ఏడాదికోసారి డ్రమ్ము వంచి కడుక్కోవాలి.

డ్రమ్ములు ఎక్కడివో కూడా కనుక్కోండి. ఆకుకూరలు తింటారు కాబట్టి, పురుగు మందులూ కెమికల్సూ వచ్చినవైతే ఎంత కడిగినా వాడొద్దు. ఎండ తగలకుండా గోనె గానీ ముదురు రంగు గానీ వేస్తే పాచి పట్టదు.

జవాబు (ప్లంబింగ్ పని, వరంగల్)

అక్కా, కింది నుంచి మిద్దెకి అర హెచ్‌పీ పంపు సరిపోతుంది. దాన్ని ఒక డ్రమ్ములోంచి లాగించొద్దు. ఆ ఒక్కటే ఖాళీ అయి పంపు గాలి పీలుస్తుంది, పక్క డ్రమ్ముల్లో నీళ్లు అలాగే ఉంటాయి. ఇందాక చెప్పిన 2 అంగుళాల పైపు మధ్యలో టీ వేసి అక్కడి నుంచి లాగించండి. పంపు ముందు చెత్త ఆపడానికి ఒక వై స్ట్రెయినర్ (జాలీ ఉన్న పైపు ముక్క) పెట్టండి. ఇప్పుడున్న ముప్పావు రంధ్రాలు వదిలేయనక్కర్లేదు, హోల్ సాతో అక్కడే పెద్దవి చేయొచ్చు. పాత రంధ్రంలో సెంటర్ బిట్ నిలవదు కాబట్టి లోపలి నుంచి చెక్కముక్క ఆనించి పట్టుకుని కోయమనండి.