పాత మౌజర్ వేట రైఫిల్ కొనేముందు ఏమేమి పరీక్షించాలి?

ప్రశ్న:
రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఒక మౌజర్ 98 వేట రైఫిల్, 8×57 తూటాది, నాకు అమ్మజూపుతున్నారు. లైసెన్సుకు సంబంధించిన పనులు పూర్తయ్యాయి. ఇంత పాత తుపాకీ నీలిపూత నిన్న వేసినట్టుగా మెరుస్తోంది గాని, బ్యారెల్ మీది అక్షరాలు అరిగిన నాణెం మీది బొమ్మలా ఉన్నాయి. చాలా తక్కువగా వాడినదని అమ్మేవారు అంటున్నారు. నమ్మవచ్చునా?

సమాధానం 1:
అక్షరాలే మీకు జవాబు చెబుతున్నాయి. కొత్త పూత వేసేముందు ఇనుమును బాగా రుద్దుతారు కనుక అక్షరాల అంచులు, స్క్రూల రంధ్రాల అంచులు మొద్దుబారతాయి. అది నేరం కాదు, కాకపోతే పూత కింద ఏ తుప్పు గుంటలను దాచారో మనకు తెలియదు. తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకున్నాక బోల్ట్ (తూటా వెనుక మూసే కడ్డీ) ఊడదీసి, బ్యారెల్‌లో పొడి గుడ్డముక్క నడిపించి, ఆ తరువాతే వెలుతురుకు పట్టి చూడండి. దట్టంగా పూసిన నూనె గుంటలను చక్కగా కప్పేస్తుంది. పాత తూటాల ప్రైమర్లలోని (తూటా అడుగున మందును రగిల్చే చిన్న మూతలు) పొటాషియం క్లోరేట్ కాలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది. అందువల్ల వందల తూటాలు పేల్చి ప్రతిసారీ కడిగిన బ్యారెల్ కంటే, పది పేల్చి కడగకుండా మూలన పెట్టినదే ఎక్కువగా పాడై ఉండవచ్చు. కాబట్టి "తక్కువ వాడకం" అన్న మాటకు నేను విలువ ఇవ్వను.

సమాధానం 2:
అంతకంటే ముందు తేల్చుకోవలసినది బ్యారెల్ కొలత. 8×57 పేరుతో రెండు రకాలున్నాయి: పాతదాని తూటా వ్యాసం సుమారు 8.08 మిల్లీమీటర్లు, తరువాత వచ్చిన "ఎస్" రకానిది సుమారు 8.20. సైన్యం పెద్దదానికి మారిన తరువాత కూడా వేట రైఫిళ్లు చాలాకాలం పాత కొలతతోనే తయారయ్యాయి, పెద్ద తూటాను చిన్న బ్యారెల్‌లో పేల్చడం ప్రమాదకరం. మీ రైఫిల్ మీద ముద్రలు అరిగిపోయాయి గనుక గన్‌స్మిత్ చేత మెత్తని సీసం ముక్కను బ్యారెల్ గుండా నెట్టించి కొలిపించండి. హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్ ముఖానికీ బ్యారెల్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య దూరం, కూడా అప్పుడే చూడమనండి: "గో" గేజి (కొలత చూసే నమూనా ముక్క) మీద బోల్ట్ మూసుకోవాలి, "నో-గో" మీద మూసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఈ రోజు మళ్లీ చూశాను. బోల్ట్ మీది అంకెలు, రిసీవర్ (బోల్ట్ ఇమిడే ఇనుప భాగం) మీది అంకెలు కలవడం లేదు. కర్రలో, రిసీవర్ తోక వెనుక, వెంట్రుకంత చీలిక కనిపించింది. దానిలో మైనం నింపారు.

సమాధానం 2:
అంకెలు కలవకపోతే హెడ్‌స్పేస్ పరీక్ష తప్పనిసరి. బోల్ట్ మార్చినవారు ఆ పని చేశారో లేదో మనకు తెలియదు కదా.

సమాధానం 3:
ఆ చీలిక మీద మైనం కంటే దాని కారణం ముఖ్యం. పేలినప్పుడల్లా ఇనుప భాగం కర్రలో వెనక్కి జరిగి తోకతో పొడుస్తూ ఉంటే అక్కడే చీలుతుంది. రీకాయిల్ లగ్ (పేలిన దెబ్బను కర్రకు అందించే ఇనుప దిమ్మ) ఆనే చోటు బిగువుగా లేకుండా జిగురు పెట్టినా మళ్లీ విచ్చుకుంటుంది. కింది రెండు పెద్ద స్క్రూలు విప్పి కర్రను వేరుచేసి చూడనివ్వమని అడగండి. పూత అందని అసలు ఇనుము, తుప్పు, నూనెకు నల్లబడి మెత్తబడ్డ కర్ర అన్నీ అప్పుడే బయటపడతాయి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే ఎంత చవకగా ఇచ్చినా కొనను.