ఇంటి సింగిల్ ఫేజ్ మీద త్రీఫేజ్ మోటారు: కెపాసిటర్ పెడితే నడుస్తుందా?

పిండిమర:
మా వీధికి వచ్చేది సింగిల్ ఫేజే. పాత పిండిమర కొన్నాను, దానికి 3 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు ఉంది. త్రీఫేజ్ లైను లాగించుకుంటే స్తంభాల ఖర్చు నామీదే పడుతుంది. మూడో తీగకు కెపాసిటర్లు బిగిస్తే చాలని కొందరు, కాలిపోతుందని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

పొలంగట్టు:
నిస్సందేహంగా నడుస్తుంది. రెండు ఫేజులే ఉన్న వేళల్లో కెపాసిటర్లతో బోరు నడిపి నారుమడి కాపాడుకున్నాను. ఎండిపోయే పైరు ముందు నిలబడితే మోటారు ఆయుష్షు గుర్తుకు రాదు.

వైండింగ్ మేస్త్రి:
మీ బాధ నాకు తెలుసు అన్నా. కానీ ఆ మోటార్లు చివరికి నా బల్ల మీదికే వస్తాయి. మూత విప్పితే ఒక ఫేజు చుట్లు బొగ్గులా మాడి ఉంటాయి, మిగతా రెండింటి మీద వార్నిష్ మెరుపు కూడా పోదు. పైగా మీకు రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు అందాయి. పిండిమర గారి ఇంట్లో ఉన్నది 240. కెపాసిటర్ మూడో ఫేజును సుమారుగా పుట్టిస్తుందే గాని, వోల్టేజీ లోటును తీర్చదు. 415 వోల్టుల డెల్టా మోటారుకు, అంటే లోపలి మూడు చుట్లనూ త్రిభుజంలా కలిపినదానికి, 240 ఇస్తే తిప్పే బలం మూడో వంతే మిగులుతుంది. రాళ్ల మధ్య గింజ పడగానే మూలుగుతూ ఆగిపోతుంది. ఆగినా కరెంటు లాగుతూనే ఉంటుంది, నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది.

పొలంగట్టు:
మా బావమరిది 2 హెచ్‌పీ మోటారును ఇంటి కరెంటుతోనే నడుపుతున్నాడే!

వైండింగ్ మేస్త్రి:
ఆ సైజు మోటార్లు సాధారణంగా స్టార్‌లో ఉంటాయి, అంటే మూడు చుట్ల కొసలను ఒకే చోట కలిపి ఒక్కోదానికి 240 వోల్టులే పడేలా చేస్తారు. చుట్ల ఆరు కొసలూ బయటికి ఉంటే పట్టీలు మార్చి డెల్టా చేస్తే 240 సరిపోతుంది. అప్పుడూ కెపాసిటర్‌తో పూర్తి బలం రాదు.

పిండిమర:
వీఎఫ్‌డీ, అదే సింగిల్ ఫేజ్ నుంచి మూడు ఫేజులు తయారుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె, పెడితే?

వైండింగ్ మేస్త్రి:
మూడు ఫేజులూ సమంగా ఇస్తుంది. కానీ మామూలు రకం లోపలికి వచ్చిన వోల్టేజీని మించి ఇవ్వలేదు, పెంచే రకానికి ధర ఎక్కువ. నా మాట వింటే ఆ మోటారు అమ్మేసి 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు వేయండి. నడిచేటప్పుడే సుమారు 15 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ముందు కరెంటు కనెక్షన్ లోడు పెంచుకోండి, సన్నని తీగ తీసి లావుది వేయండి. లేకపోతే మీ మర తిరిగినప్పుడల్లా మీ ఇంట్లో దీపాలు మసకబారతాయి.

పొలంగట్టు:
ఇంటి విషయంలో ఒప్పుకుంటాను. పొలం విషయంలో నా మాట మార్చుకోను.

పిండిమర:
ఇప్పుడే పిండి తుడిచి నేమ్‌ప్లేటు చూశాను. 415 వోల్టులు, పక్కన డెల్టా గుర్తు. కెపాసిటర్లు కొనడం లేదు.